రాజుగారి వెండియు పిడికెడు బియ్యమును

(ధ్యానమునకు: ఎజ్రా 7:11–26, నెహెమ్యా 8:1–12, 10:32, 13:10–13)



గడచిన సంవత్సరము వేసవిలో మా సంఘపు యౌవనులు కొందరు ఒక ఆలోచనతో మా యొద్దకు వచ్చిరి. మన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోవుచున్నారు గనుక వారికి తెలిసినదంతయు వ్రాసికొందమని వారనిరి. మన తాతలు సువార్తను మొదట ఎవరి నోట వినిరి? ఏ బావి నీళ్లు వారికి దొరకకుండెను? కరువులో ఏమి తిని బ్రతికిరి? నాట్లలో ఏ పాటలు పాడుకొనిరి? వీటిని వ్రాసి, శనివారము సాయంకాలము మందిరపు వరండాలో కూర్చుండి చదివి, మాటలాడుకొందమనిరి. ఇరుగుపొరుగువారిని, అన్యులనుకూడ పిలుతమనిరి.

ఆ సంగతి పెద్దల కూటములో పెట్టితిమి. ఒకరు, "మాట బాగే గాని అయ్యగారూ, డబ్బేదీ?" అనిరి. మరియొకరు, "మందిరపు కప్పు కారుతుంటే కథలకు ఖర్చా?" అనిరి. మూడవవారు, "ఇట్లాంటి పనులకు గ్రాంటులిచ్చే సంస్థలున్నవట, అర్జీ పెట్టి చూద్దాము" అనిరి. ఈ మూడవ మాట అందరికి నచ్చినది. మాకును నచ్చినది. అర్జీ వ్రాసి పంపి కనిపెట్టుకొని యుంటిమి. ఎనిమిది నెలలు గడచినను జవాబు రాలేదు.

ఈలోగా వానకాలము వచ్చినది. మా సంఘములో అందరికంటె పెద్దదైన తల్లి ప్రభువునందు నిద్రించినది. ఆమెకు అక్షరము రాదు గాని, నాలుగు తరముల సంగతి ఆమె నోట నుండెను. మొదటి పాకమందిరము ఏ యేట కాలిపోయెనో, దానిని తిరిగి కట్టుటకు ఎవరెవరు తాటాకు మోసిరో ఆమె ఒక్కతెకే తెలియును. ఆమె పెట్టెను గోతిలోనికి దించుచుండగా మా యౌవనులలో ఒకడు మా వైపు చూచెను. అతడేమియు అనలేదు. అయినను ఆ చూపునకు మేము జవాబు చెప్పలేకపోతిమి.

ఈ తప్పును మేము ఆ సంస్థమీద మోపము. వారికి వందల అర్జీలు వచ్చియుండును. కాని ఆ దినము మొదలుకొని ఒక ప్రశ్న మమ్మును విడువలేదు. మనుష్యులు కూడి తమ జ్ఞాపకమును, తమ బుద్ధిని పెంచుకొను పనికి ఇతరుల ధనము తీసికొనవచ్చునా? తీసికొనినచో ఆ ధనము మనలను ఏమి చేయును? లేఖనముల వెలుగులో దీనిని మీతో కలిసి విచారింప గోరుచున్నాము.

1. ఇది తగిన పనియేనా?

కప్పు కారుచుండగా కథలెందుకన్న సహోదరుని మాట త్రోసివేయదగినది కాదు. ఆకలిగొన్నవానికి ముందు అన్నము పెట్టవలెను. అయితే నెహెమ్యా 8వ అధ్యాయమును చూడుడి. యెరూషలేము గోడ కట్టబడినదే గాని పట్టణములో జనులు కొద్దిమంది, ఇండ్లింకను కట్టబడలేదు. అట్టి సమయమున జనులు నీటి గుమ్మము ఎదుటి మైదానములో కూడి గ్రంథము తెమ్మని ఎజ్రాను అడిగిరి. పురుషులు, స్త్రీలు, గ్రహింపగల వారందరును ఉదయము మొదలుకొని మధ్యాహ్నమువరకు నిలిచి వినిరి. చదువువారు ఊరక చదివి పోలేదు. జనులకు తెలియునట్లు అర్థము విప్పి చెప్పిరి. వినినవారు మొదట ఏడ్చిరి, పిమ్మట సంతోషించి, ఏమియు లేనివారికి భోజనపు వంతులు పంపిరి. ఈ చివరి మాటను గమనించుడి. తమ కథ తెలిసికొనినవారు పేదవానిని మరువలేదు. తెలిసికొనిన దినముననే అతనికి వంతు పంపిరి.

మన కాలములోను దీనికి సాక్ష్యము కలదు. అమెరికా రచయిత ఎర్ల్ షోరిస్ 1995లో న్యూయార్కు పట్టణములో పేదవారికొరకు ఒక ఉచిత పాఠశాల ప్రారంభించెను. పేదలకు చేతిపని నేర్పు బళ్లు అనేకములు కలవు. ఇతడు నేర్పినదో తత్వము, సాహిత్యము, చరిత్ర, చిత్రకళ, తర్కము. అనగా ధనవంతులు తమ బిడ్డలకు ఏ విద్య శ్రేష్ఠమని నేర్పింతురో ఆ విద్యయే. రాకపోకలకు రైలు ఖర్చుకూడ ఇచ్చి పిలిచిరి. క్లెమెంటీ కోర్సు అని పేరొందిన ఆ పని పిమ్మట అనేక పట్టణములకు వ్యాపించినది. తన్ను గూర్చియు, తన తోటివానిని గూర్చియు, మేలు కీడులను గూర్చియు ఆలోచించుట కలిగినవారి సొత్తు మాత్రమే కాదని అతడు నమ్మెను. మనమును నమ్మవలసినదే. దేవుడు తన స్వరూపమందు నరుని చేసినప్పుడు భూస్వామిని ఒక విధముగాను కూలివానిని మరియొక విధముగాను చేయలేదు గదా.

మన విషయములో మరియొక కారణముకూడ కలదు. రాజుల కథలు శాసనములలో నున్నవి, జమీందారుల కథలు దస్తావేజులలో నున్నవి. మన పెద్దల సంగతి ఎక్కడ నున్నది? వారు త్రవ్విన చెరువులలోను, వారు విడిచిన మాటలలోను మాత్రమే. మనము వ్రాయనియెడల మనకొరకు మరియెవరును వ్రాయరు. కప్పు కారినచో మరల నేయవచ్చును; చనిపోయిన తల్లి మాటను మరల నేయలేము.

2. రాజుగారి వెండిని పుచ్చుకొనవచ్చునా?

పుచ్చుకొనవచ్చునని ఎజ్రా గ్రంథము సాక్ష్యమిచ్చుచున్నది. పారసీక రాజైన అర్తహషస్త ఎజ్రాచేతికి ఒక తాకీదు ఇచ్చెను. రాజ ఖజానానుండి వెండి, గోధుమలు, ద్రాక్షారసము, నూనె ఇంత మట్టుకని, ఉప్పు మాత్రము లెక్కలేకుండ ఇయ్యవలెనని దానిలో నుండెను. తెలియనివారికి ధర్మశాస్త్రమును నేర్పవలెనని కూడ ఆజ్ఞ యుండెను. ఎజ్రా దానిని నిరాకరింపలేదు; రాజు మనస్సులో ఇట్టి ఆలోచన పుట్టించిన దేవుని స్తుతించెను.

ఇట్టి ఏర్పాటు నేటి దొరతనములలోను కలదు. 1965 సెప్టెంబరు 29న అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఒక చట్టముమీద చేవ్రాలు చేసెను. దానివలన నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ అను ప్రభుత్వ సంస్థ పుట్టినది. చరిత్ర, సాహిత్యము, భాషలు, తత్వము, ధర్మవిచారము మొదలగు విద్యలు పండితుల గదులలోనే యుండక ప్రజలకును అందుటకు అది గ్రాంటులిచ్చును. 1971 మొదలుకొని రాష్ట్రములలో కౌన్సిళ్లు ఏర్పడినవి; ఇప్పుడవి 56. పల్లె గ్రంథాలయములో పుస్తక పఠనము, యుద్ధమునుండి తిరిగివచ్చినవారితో సంభాషణ, ముసలివారి నోటిమాటలను పదిలపరచుట, చిన్న ఊళ్లలో చరిత్ర ప్రదర్శనములు, ఇట్టివి వారి పనులు. లూసియానా రాష్ట్రములో 1991లో పుట్టిన ఒక ఏర్పాటు ప్రకారము తలిదండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని గ్రంథాలయమునకు వచ్చి, కథ విని, ఆ కథలో న్యాయమేది అన్యాయమేది అని అందరును కలిసి మాటలాడుకొందురు. ఈ సంస్థకు 2024లో మొత్తము 20 కోట్ల 70 లక్షల డాలర్లు దొరికినవి. ఆ దేశపు జనసంఖ్యతో లెక్కించినచో తలకు ఒక డాలరుకంటె తక్కువ.

మన దేశములో మాత్రము లేదా? 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము ననుసరించి మన ఇంటిపన్నుతో గ్రంథాలయపు సెస్సు వసూలగుచున్నది. అది పన్ను రూపాయికి 8 పైసలు. పూరింటివాడును దానిని కట్టుచున్నాడు. కాబట్టి ప్రభుత్వము పుస్తకమునకు ఇచ్చునది దొరగారి దానము కాదు. అది మన పైసలే తిరిగి మన చేతికి వచ్చుట. దానిని అడుగుటలో సిగ్గులేదు, అడుగకుండుటయే అజ్ఞానము.

3. ఆపుమని వచ్చు తాకీదు

అయితే ఎజ్రా గ్రంథములోనే 4వ అధ్యాయముకూడ నున్నది. అక్కడను అర్తహషస్త అను రాజు పేరే, అక్కడను తాకీదే. కాని ఆ తాకీదు పని ఆపుమని వచ్చినది. విరోధులు దానిని చేతబట్టుకొని వేగముగా వచ్చి యూదులను బలవంతముగా మానిపించిరి. ఇచ్చు కలమును ఆపు కలమును ఒకే సిరాబుడ్డిలో ముంచబడును.

2025 ఏప్రిల్ నెల ఆరంభమున అమెరికాలో సరిగా ఇట్లే జరిగినది. అంతకుముందే మంజూరైన వెయ్యికి పైగా గ్రాంటులు రద్దయినవని ఉత్తరములు వెళ్లెను. నిధులను అధ్యక్షుని కార్యక్రమమునకు అనుకూలముగా క్రొత్త దిక్కునకు మళ్లించుచున్నామని వాటిలో నుండెను. 56 కౌన్సిళ్లకును ఆధారము తెగినది. అప్పటికే పిలిచిన కూటములు, సగము వ్రాసిన చరిత్రలు, జీతముమీద బ్రతుకు పనివారు, అందరును ఒక్క ఉత్తరముతో వీధిన పడిరి. ఆ సంగతి న్యాయస్థానములకు ఎక్కినది. అదే ఏప్రిల్ నెలాఖరున మెలన్ ఫౌండేషన్ అను ధర్మసంస్థ కోటి 50 లక్షల డాలర్లు అత్యవసర సహాయముగా ప్రకటించెను. అందులో ఒక భాగమును ఊరక ఇయ్యలేదు. మీరు ఇతరులయొద్ద ఎంత కూర్చుదురో అంత మేమును ఇత్తుమను షరతుతో ఇచ్చెను.

దీనిలో మనకు రెండు పాఠములు కలవు. మొదటిది, పరుల చేతిలోని దీపము వారు వెళ్లినప్పుడు వారితో వెళ్లును. రెండవది ఇంకను లోతైనది. ఇచ్చువాని ముఖము చూచుచు పనిచేయువాడు క్రమేణ అతని చెవికి ఇంపైన మాటనే పలుకును. ఎవరును అతనిని బెదరింపనక్కరలేదు. వచ్చే సంవత్సరపు గ్రాంటు పోవునేమో యను భయమే చాలును. ఆ భయముతో పల్లెవాని చరిత్రలోనుండి బావిగట్టున జరిగిన అవమానము జారిపోవును, పండుగ ఫోటోలు మాత్రము మిగులును. బాలాకు తన ఇంటినిండ వెండి బంగారములు ఇచ్చినను యెహోవా నోటిమాట మీరి ఏమియు చేయలేనని బిలాము ముందుగా చెప్పెను. అయినను ఆ వెండివైపు అతని మనస్సు లాగుచునే యుండెనని అతని తరువాతి కథ మనకు తెలుపుచున్నది. మన అర్జీలలో మేమేమి వ్రాసితిమో ఇప్పుడు చదువుకొనగా మాకును సిగ్గు కలుగుచున్నది. ఆ తల్లి చెప్పు సంగతులను గాక, ఇచ్చువారు ఏది విన గోరుదురో దానిని తలంచి వ్రాసితిమి.

4. పిడికెడు బియ్యము

మరి ఏమి చేయవలెను? నెహెమ్యా 10వ అధ్యాయములో జనులు చేసినది చూడుడి. రాజుగారి తాకీదు ఉన్నప్పటికిని, దేవుని మందిరపు సేవకై ఏటేట తులము వెండిలో మూడవ వంతు ఇచ్చెదమని తమకు తామే నిబంధన చేసికొనిరి. అది పెద్ద మొత్తము కాదు గాని, తమది. అరౌనా తన కళ్లమును, ఎడ్లను ఊరక ఇచ్చెదననినప్పుడు దావీదు ఒప్పుకొనలేదు. వెల ఇయ్యక తీసికొనినదానితో దహనబలి అర్పింపనని కొనియే తీసికొనెను.

లోకజ్ఞానము గలవారును ఈ సంగతి ఎరుగుదురు. ఉక్కు వ్యాపారములో ధనికుడైన ఆండ్రూ కార్నెగీ లోకమందు సుమారు 2,500 గ్రంథాలయ భవనములకు ధనమిచ్చెను. కాని ఊరివారు స్థలము ఇచ్చి, తాను ఇచ్చినదానిలో పదియవ వంతు ఏటేట దాని పోషణకై తామే ఖర్చుపెట్టుటకు ఒప్పుకొనవలెనని నియమము పెట్టెను. మన ఆంధ్రదేశములో సెస్సు రాకమునుపే, 1914లో బెజవాడలో పెద్దలు కూడి గ్రంథాలయ సంఘము స్థాపించుకొనిరి. 1935లో కృష్ణా కాలువమీద పడవలో పుస్తకములు పెట్టి ఊరూర త్రిప్పినవారును కలరు. చట్టము వారి వెనుక వచ్చినది గాని ముందు రాలేదు.

మన సంఘముల చరిత్రయే మరియొక సాక్షి. 1853లో అమెరికాలో ఆల్బనీ పట్టణమున కూడిన బాప్తిస్టు మిషను పెద్దలు నెల్లూరి పనిని ఆపివేయుదమా అని ఆలోచించిరి. ఏండ్ల తరబడి ధనము పెట్టినను ఫలము కనబడలేదని వారి బాధ. పని ఆగలేదు. మరుసటి సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండమీద మోకరించిరి. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చువారి చేయి వణకిన గడియలో, నిలిచినవారు కొందరుండిరి గనుక మనము నేడు ఈ పత్రిక చదువుచున్నాము.

ఆ నిలిచినవారి వెనుక మన తల్లులు నేర్చుకొనిన వాడుక ఒకటి కలదు. అన్నమునకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేసి, ఆదివారమున మందిరమునకు తెచ్చుట. ఇంట మూడు గిద్దలే యున్నను ఆ పిడికిలి ఆగలేదు. ఏ దూరదేశపు కమిటీయు ఆ పిడికిలిని రద్దుచేయలేదు. రాజుగారి వెండికంటె అది గొప్పదని మేము చెప్పము. కాని అది వేరు. అది ఇచ్చినవారికి పని తమదను ధైర్యము నిచ్చును.

5. ఒక హెచ్చరిక

ఇంత చెప్పి ఇక్కడ ఆపినయెడల అన్యాయము చేసినవారమగుదుము. "మీ పని మీరే చేసికొనుడి" అను మాట పాలించువారి నోట మిక్కిలి సులభముగా వచ్చును. దానికి మేము ఆమేన్ చెప్పము. నెహెమ్యా 13వ అధ్యాయములో లేవీయులకును గాయకులకును రావలసిన పాళ్లు ఇయ్యబడలేదు. వారు తమ పొలములకు పారిపోయిరి. నెహెమ్యా వారిని సోమరులని తిట్టలేదు. అధిపతులను నిలదీసి, మందిరమును ఎందుకు విడిచిపెట్టితిరని అడిగెను. నేడును పల్లెలలో వసూలైన గ్రంథాలయపు సెస్సు గ్రంథాలయములకు సరిగా చేరుట లేదను ఫిర్యాదు తరచుగా వినబడుచున్నది. తాళము వేసిన పఠన మందిరములు ఎన్నియో కలవు. కట్టిన పైసలు ఏమాయెనని గ్రామసభలో లేచి అడుగుట క్రైస్తవునికి తగినదే. పిడికెడు బియ్యము వేసిన చేతికే రాజుగారి లెక్క అడుగు హక్కు ఎక్కువ.

అట్లే కలిగిన సంఘములు లేని సంఘములను చూచి మీ పాలు మీరు వేయుడని కూర్చుండరాదు. కలిమినిబట్టియే ఇచ్చుట ప్రీతికరమని, ఒకరి సమృద్ధి మరియొకరి లేమికి సహాయమై సమానత్వము కలుగవలెనని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసెను (2 కొరింథీ 8:12–14). గ్రాంటు ఇచ్చు ధర్మాత్ములకును మా విన్నపము ఒక్కటే: ఇచ్చి మాట మీరు చెప్పకుడి; ఇచ్చి మా పెద్దలను మాటలాడనియ్యుడి. ఆపవలసి వచ్చినచో ముందుగా తెలుపుడి.

సహోదరులారా, ఆ తల్లి సమాధి యొద్దనుండి ఇంటికి వచ్చిన రాత్రి మేమొక లెక్క వేసితిమి. ఒక గట్టి నోటుపుస్తకము వెల 40 రూపాయలు. దీపము మందిరములో నున్నదే. మాటను పట్టి దాచు ఫోను మా యౌవనులలో పదిమంది జేబులలో నున్నది. చాప పరచుటకు వరండా కలదు. ఆ తల్లి ఇల్లు మందిరమునకు నూరడుగుల దూరము. ఎనిమిది నెలలు మేము దేనికొరకు కనిపెట్టితిమి? ధనము లేక కాదు. ఎవరైన పెద్దవారు మీ కథ విలువగలదని ఒక కాగితముమీద వ్రాసి పంపువరకు, దాని విలువను మేమే నమ్మలేదు. ఇదే మా పాపము. దీనిని మీ యెదుట ఒప్పుకొనుచున్నాము.

ఇప్పుడు మా సంఘములో నెలకొక ఆదివారపు పిడికెడు బియ్యమును ఈ పనికి ఏర్పరచితిమి. యౌవనులు ఇద్దరిద్దరుగా ముసలివారి ఇండ్లకు వెళ్లుచున్నారు. మూడు నోటుపుస్తకములు నిండినవి. శనివారపు కూటమునకు ఊరి పై వీధివారును కొందరు వచ్చి కూర్చుండుచున్నారు. బావి సంగతి చదివిన దినమున వారిలో ఒక పెద్దాయన చాలసేపు తల వంచుకొని యుండి, పిమ్మట తన తండ్రి చెప్పిన మాట ఒకటి తానే చెప్పెను. దానినికూడ వ్రాసికొంటిమి. అర్జీని మేము వెనుకకు తీసికొనలేదు. దాని సంగతి అడుగుచు మరల ఒక ఉత్తరముకూడ వ్రాసితిమి. జవాబు వచ్చినచో కృతజ్ఞతతో పుచ్చుకొని, ఆ పుస్తకములను అచ్చువేయింతుము. రానియెడల వ్రాయుట ఆగదు.

మీ సంఘములో అందరికంటె పెద్దవారెవరు? ఈ పత్రికను మడిచి ప్రక్కన పెట్టి, ఈ సాయంకాలమే వారి మంచము ప్రక్కన కూర్చుండుడి.

ప్రార్థన: తరతరములు మాకు నివాసస్థలమైన ప్రభువా, మా పెద్దల మాటను మేము అల్పముగా ఎంచిన దోషమును క్షమించుము. ఇచ్చువారికి వినయమును, పుచ్చుకొనువారికి ధైర్యమును, పాలించువారికి న్యాయమును దయచేయుము. మా పిడికిలిని నీవే తెరువుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.